మన పేరు మీద ఒక పద్దు

రెండేళ్ళ క్రితం కార్తీక మాసంలో, అమెరికాలో మేముండే ఊళ్ళో పార్కులో వనభోజనాలు పెట్టుకున్నాం. ఇక్కడ ఉసిరి చెట్టు ఎక్కడిది! ఎవరో ఇంట్లో కుండీలో పెంచుకున్న చిన్న మొక్కను తెచ్చి మధ్యలో పెడితే, దాని చుట్టూ చాపలు పరుచుకుని కూర్చున్నాం. తినడం అయ్యాక గిన్నెలు సర్దుతుంటే, కొత్తగా పెళ్ళయి హెచ్-4 వీసా మీద వచ్చిన ఒక చెల్లి అడిగింది.

"అక్కా, నాకూ ఒక క్రెడిట్ స్కోరు ఉండాలంటున్నారు మా ఆయన. నాకు అప్పు లేదు, చేయాల్సిన అవసరమూ లేదు. అప్పు చేయనిదానికి స్కోరెందుకు చెప్పండి?"

అందరం నవ్వాం. తలా ఒక మాట చెప్పాం. "ఇల్లు కొనేటప్పుడు తెలుస్తుందిలే" అంది ఒకావిడ. "అదంతా బ్యాంకులవాళ్ళ మాయ, మనల్ని అప్పుల్లోకి దింపడానికి" అంది ఇంకొకావిడ. అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న ఒక పెద్దక్క అప్పుడు నోరు విప్పింది.

ఆ అక్క ఈ దేశం వచ్చి అప్పటికి ఇరవై మూడేళ్ళు. బావగారు హఠాత్తుగా పోయి ఏడాది కాలేదు. ఇల్లు కొన్నప్పుడు ఈవిడకి ఉద్యోగం లేదు కాబట్టి అప్పు బావగారి పేరు మీదే తీసుకున్నారు. కారు, కార్డులు, ఫోన్లు, కరెంటు అన్నీ ఆయన పేరే. బ్యాంకు ఖాతా మాత్రం ఇద్దరిదీ. ప్రతి నెలా ఒకటో తారీకున కూర్చుని అన్ని బిల్లులూ కట్టేది అక్కే. ఇరవై మూడేళ్ళలో ఒక్క వాయిదా ఆలస్యం కాలేదు. కార్డు జోలికి పోవడం ఇష్టంలేక తను ఎప్పుడూ డెబిట్ కార్డే వాడేది.

ఆయన పోయాక ఇల్లు అమ్మి, కూతురు ఉండే ఊళ్ళో చిన్న అపార్ట్‌మెంట్ అద్దెకు అడిగింది. అక్కడి ఆఫీసులో ఆవిడ పేరు కంప్యూటర్లో కొట్టి చూసి, "మీ పేరు మీద ఫైలే లేదండీ" అన్నారు. బ్యాంకులో డబ్బు చూపించినా సరే, ఎవరైనా హామీ సంతకం చేయాలన్నారు. ఆ సంతకం చేసింది ఎవరనుకున్నారు? చదువు అయిపోయి ఆర్నెల్ల కిందటే ఉద్యోగంలో చేరిన కూతురు. ఆ పిల్లకి కాలేజీ రోజుల్నించీ ఒక కార్డుంది, దాంతో ఒక స్కోరుంది.

"నేను కన్న పిల్ల నాకు పూచీ పడింది. అందులో తప్పు లేదులే. కానీ నేను కట్టిన బిల్లులన్నీ ఎవరి లెక్కలోకి పోయాయే?" అంది అక్క.

ఆ మాట నన్ను వదల్లేదు. ఈ స్కోరు ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, ఇందులో ఆడవాళ్ళ పేర్లు ఎప్పుడు చేరాయి అని దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. చదివాక తెలిసింది, అక్క అడిగిన ప్రశ్ననే ఈ దేశపు ఆడవాళ్ళు యాభై ఏళ్ళ కిందట గట్టిగా అడిగారని. ఆ కథే ఇది.

పచారీ కొట్టు పుస్తకం

ముందు మా అమ్మమ్మ సంగతి ఒక్క మాట చెప్పి అమెరికాకి వస్తాను. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పచారీ కొట్టుకి "అరువు రేపు" అని బోర్డు ఉండేది. ఆ బోర్డు కిందే, గల్లాపెట్టె పక్కన, పొడుగాటి పద్దు పుస్తకం కూడా ఉండేది. మా ఇంటి పద్దు తాతయ్య పేరు మీదే ఉండేది. సరుకులు తెప్పించేది అమ్మమ్మ, పంట డబ్బులు రాగానే బాకీ తీర్చి పంపేదీ అమ్మమ్మే. తాతయ్య పోయాక కొట్టతను కొత్త పేజీ తీసి అమ్మమ్మ పేరు రాసుకున్నాడు. ఒక్క ప్రశ్న వేయలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో లెక్క ఎవరు చూస్తారో అతనికి తెలుసు.

మన భాషలో ఈ సంగతికి చక్కని మాట ఉంది: పరపతి. ఫలానా ఆయనకి ఊళ్ళో పరపతి ఉందంటే నలుగురూ ఆయన మాటని నమ్ముతారని. సహకార పరపతి సంఘం అంటే అప్పులిచ్చే సంఘం. నమ్మకానికీ అప్పుకీ ఒకే మాట. ఊరు చిన్నదైతే ఆ నమ్మకం మనుషుల జ్ఞాపకంలోనే ఉంటుంది. ఊరు పెద్దదై ముక్కూ మొహం తెలియనివాళ్ళతో బేరం పడ్డప్పుడు ఆ జ్ఞాపకాన్ని ఎక్కడో ఒకచోట రాసి పెట్టాల్సి వస్తుంది. అమెరికాలో జరిగింది అదే.

ముక్కూ మొహం తెలియనివాళ్ళ లెక్క

1837లో అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చింది. న్యూయార్క్‌లో పట్టు బట్టల టోకు వ్యాపారం చేసే ట్యాపన్ సోదరుల దుకాణం కూడా దెబ్బతింది. ఎక్కడో దూరపు ఊళ్ళలో ఉన్న చిల్లర వర్తకులకి అరువు మీద సరుకు పంపడం, వాళ్ళు తిరిగి కట్టలేకపోవడం, ఇదీ కథ. ఆ దెబ్బ తిన్న లూయిస్ ట్యాపన్ 1841లో మర్కంటైల్ ఏజెన్సీ అని ఒక సంస్థ పెట్టాడు. ఈయన బానిసత్వాన్ని తీసెయ్యాలని పోరాడినవాడు కూడా.

ఆ సంస్థ చేసిన పని ఏమిటంటే, ఊరూరా లాయర్లలాంటి తెలిసినవాళ్ళని పెట్టుకుని అక్కడి వర్తకుల గురించి రాయించి తెప్పించుకోవడం. ఎంత ఆస్తి ఉంది, మాట మీద నిలబడతాడా, తాగుతాడా, ఇల్లు ఎలా నడుస్తోంది, అన్నీ. అవన్నీ పెద్ద పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించేవాళ్ళు. చందా కట్టిన టోకు వ్యాపారులు వచ్చి వివరం తెలుసుకుని వెళ్ళేవాళ్ళు. ఆ పుస్తకాలు రెండు వేలకు పైగా ఇప్పటికీ హార్వర్డ్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉన్నాయి. టోపీలు కుట్టి అమ్మే ఆడవాళ్ళు, దర్జీ పని చేసే ఆడవాళ్ళు కూడా వాటిలో కనిపిస్తారు. అంటే ఆడవాళ్ళకి వ్యాపారం చేతకాక కాదు. కానీ ఆ రోజుల్లో చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి ఆస్తి మీద సొంత హక్కు చాలా తక్కువ. న్యూయార్క్ రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీల ఆస్తి చట్టం వచ్చిందే 1848లో.

వర్తకుల లెక్క అలా మొదలైతే, మనలాంటి మామూలు ఇళ్ళ లెక్క తర్వాత మొదలైంది. 1899లో అట్లాంటాలో వుల్‌ఫర్డ్ అనే అన్నదమ్ములు రిటైల్ క్రెడిట్ కంపెనీ పెట్టారు. ఏ ఇంటివాళ్ళు బాకీ వెంటనే తీరుస్తారు, ఎవరు ఆలస్యం చేస్తారు అని పట్టిక తయారుచేసి దుకాణాలకి అమ్మడం. మా అమ్మమ్మ ఊరి పద్దు పుస్తకాన్ని ఊరి కొట్లన్నీ కలిసి ఒక్కచోట రాసుకున్నట్టు.

రాను రాను ఆ కంపెనీ ఫైళ్ళలో బాకీల కంటే కబుర్లు ఎక్కువయ్యాయి. మొగుడూ పెళ్ళాలు ఎలా ఉంటారు, ఇల్లు శుభ్రంగా ఉందా, నడవడిక ఎలాంటిది అని ఇరుగుపొరుగుని అడిగి రాసేవాళ్ళు. ఆ ఫైల్లో ఏముందో చూసుకునే హక్కు ఆ మనిషికి మాత్రం లేదు. దీని మీద గొడవయ్యాక 1970లో ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం వచ్చింది. మన ఫైలు మనం చూసుకోవచ్చు, తప్పుంటే దిద్దించుకోవచ్చు అన్న హక్కు ఆ చట్టంతోనే వచ్చింది. ఆ పాత కంపెనీ 1975లో పేరు మార్చుకుంది. కొత్త పేరు మీకు తెలిసిందే, ఈక్విఫాక్స్.

మిసెస్ ఫలానా

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతికి వద్దాం. 1950లు, 60లలో అమెరికాలో పెద్ద దుకాణాల్లో అరువు ఖాతాలు మామూలు అయిపోయాయి. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఫ్రెస్నో అనే ఊళ్ళో అరవై వేల క్రెడిట్ కార్డులు ఇళ్ళకి పంపింది. దుకాణానికి వెళ్ళేది, కొనేది, చాలా ఇళ్ళలో బిల్లు కట్టేది ఆడవాళ్ళు. కార్డు మీద పేరు మాత్రం "మిసెస్" అని పెట్టి దాని పక్కన మొగుడి పేరు. తన సొంత పేరు అందులో ఎక్కడా ఉండదు. కాబట్టి ఫైలు ఆయనదే.

1972లో వినియోగదారుల అప్పుల మీద వేసిన జాతీయ కమిషన్ ఆడవాళ్ళ ఇబ్బందుల గురించి ప్రత్యేకంగా విచారణ జరిపింది. అక్కడ తేలిన సంగతులు చూడండి. పెళ్ళికాని మగవాడి కంటే పెళ్ళికాని ఆడదానికి అప్పు పుట్టడం కష్టం. పెళ్ళి కాగానే పాత ఖాతా మూసేసి మొగుడి పేరు మీద మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమనేవాళ్ళు. పెళ్ళయిన స్త్రీకి తన సొంత పేరు మీద ఖాతా ఇచ్చేవాళ్ళు కాదు. ఇద్దరూ కలిసి అప్పు అడిగితే భార్య జీతాన్ని లెక్కలోకి తీసుకునేవాళ్ళు కాదు. విడాకులు తీసుకున్నా, భర్త పోయినా, ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఇంటి అప్పుకి వెళ్ళిన జంటల దగ్గర, ఇక పిల్లలు పుట్టరని డాక్టరు రాసిచ్చిన కాగితం తెస్తేనే భార్య జీతం లెక్కలోకి తీసుకుంటామన్న సందర్భాలు కూడా ఉన్నాయి. పిల్ల పుడితే ఉద్యోగం మానేస్తుందని వాళ్ళ లెక్క.

ఆ ఐదింటిలో ఆఖరిది మా పెద్దక్క కథ కాదూ? అది 1972. ఈవిడ కథ మొన్నటిది. మధ్యలో చట్టం మారింది కానీ మన ఇళ్ళలో అలవాటు మారలేదు.

చేత్తో రాసిన రెండు మాటలు

చట్టం ఎలా మారిందో కూడా చెప్పుకోవాలి. లిండీ బాగ్స్ అని లూసియానా నుంచి కాంగ్రెస్ సభ్యురాలు. ఆమె భర్త హేల్ బాగ్స్ పేరున్న నాయకుడు. 1972 అక్టోబరులో అలాస్కాలో ఆయన ఎక్కిన విమానం కనపడకుండా పోయింది. మరుసటి ఏడాది ఆ స్థానంలో ఆవిడే నిలబడి గెలిచింది.

అప్పుల్లో వివక్ష కూడదనే బిల్లు ఆవిడ ఉన్న కమిటీ ముందుకి వచ్చింది. జాతి, వయసు లాంటివన్నీ ఉన్నాయి. ఆడవాళ్ళ మాట లేదు. ఆవిడ పక్క గదిలోకి వెళ్ళి, ఆడ-మగ తేడా, పెళ్ళి అయిందా లేదా అన్న తేడా కూడా చూడకూడదని ఆ కాగితం మీద చేత్తో రాసి, నకళ్ళు తీయించి సభ్యులందరికీ పంచిపెట్టింది. ఇది పొరపాటున వదిలేసి ఉంటారు, మీరు కావాలని వదిలేసి ఉండరు అన్నట్టు మర్యాదగానే చెప్పిందట. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. మన అత్తగార్లు కూడా ఇలాగే పని సాధిస్తారు కదా.

దీని వెనక ఊరూరా మహిళా సంఘాలు చేసిన పోరాటం కూడా ఉంది. 1974 అక్టోబరు 28న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన సమాన రుణావకాశ చట్టం ఇదే. ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. మొదట్లో ఇది ఆడ-మగ, పెళ్ళి తేడాల వరకే ఉండేది. 1976లో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, వయసు కూడా చేర్చారు. అంటే మనలాంటి వలస వచ్చినవాళ్ళకి కూడా రక్షణ వచ్చింది, ఆడవాళ్ళు తెరిచిన తలుపులోంచే.

ఇంకొక తేదీ కూడా గుర్తుపెట్టుకోండి. 1977 జూన్ 1. ఆ రోజు తర్వాత తెరిచిన ఖాతాల్లో భార్యాభర్తలిద్దరూ వాడుకునే ఖాతా అయితే, ఆ చరిత్రని ఇద్దరి పేర్ల మీదా పంపాలని నిబంధన వచ్చింది. పాత ఖాతాలున్నవాళ్ళకి, భార్య పేరు మీద కూడా చేర్చాలా అని అడుగుతూ ఉత్తరాలు పంపించారు. ఉత్తర అమెరికాలో మొదటి తెలుగు మహాసభలు న్యూయార్క్‌లో జరిగింది కూడా 1977లోనే. 1965 వలస చట్టం తర్వాత వచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్ల కుటుంబాలు అప్పుడప్పుడే ఇళ్ళు కొనుక్కుంటున్న రోజులవి. ఆ ఉత్తరం మన వాళ్ళ ఇళ్ళకి కూడా కొన్నింటికి వచ్చే ఉంటుంది. ఎంతమంది చదివి సంతకం పెట్టారో!

అంకె వచ్చింది

ఇంతవరకూ ఫైలు సంగతి. స్కోరు, అంటే ఆ మూడంకెల సంఖ్య, దీని తర్వాత వచ్చింది. బిల్ ఫెయిర్ అనే ఇంజనీరు, ఎర్ల్ ఐజాక్ అనే గణిత శాస్త్రవేత్త కలిసి 1956లో కాలిఫోర్నియాలో ఒక కంపెనీ పెట్టారు. అప్పు అడిగినవాళ్ళ వివరాలని అంకెల్లోకి మార్చి, ఎవరు తిరిగి కడతారో ముందే అంచనా కట్టవచ్చని వాళ్ళ వాదన. మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మేనేజరు మనిషిని చూసి, మాట్లాడి, తన అనుభవంతో నిర్ణయించడమే పద్ధతి.

1974 చట్టం తర్వాత ఆ "అనుభవం"తోనే చిక్కు వచ్చింది. ఎందుకు అప్పు ఇవ్వలేదో కారణం చెప్పాల్సి వచ్చేసరికి, "చూస్తే నమ్మకం కలగలేదు" అంటే చెల్లదు. అంకెల పద్ధతి అయితే ఇదిగో లెక్క అని చూపించవచ్చు. అలా ఈ పద్ధతికి గిరాకీ పెరిగింది. ఇప్పుడు మనం ఫైకో అని పిలిచే స్కోరు 1989లో వచ్చింది. 1995లో ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థలు ఇంటి అప్పులకి దాన్ని చూడమని చెప్పడంతో ఇంటింటికీ చేరిపోయింది.

ఆ స్కోరు 300 నుంచి 850 వరకు ఉంటుంది. అందులో వాయిదాలు సమయానికి కట్టడానికి 35 శాతం, ఉన్న పరిమితిలో ఎంత వాడుకుంటున్నారనే దానికి 30 శాతం, ఎన్నేళ్ళుగా ఖాతా ఉందన్నదానికి 15 శాతం, కొత్తగా అప్పులు అడగడానికి 10, రకరకాల అప్పులు ఉండటానికి 10 శాతం. మీరు ఆడా మగా, పెళ్ళయిందా, ఏ దేశంలో పుట్టారు, ఇవేవీ అందులో లేవు. ఉండకూడదని చట్టం.

కానీ ఇంకా ఏం లేవో చూశారా? జీతం లేదు. బ్యాంకులో దాచుకున్న డబ్బు లేదు. బంగారం లేదు. గుంటూరులో ఉన్న ఇంటి స్థలం లేదు. డెబిట్ కార్డుతో కట్టిన బిల్లులు లేవు. అందుకే మా అక్క ఇరవై మూడేళ్ళు లెక్క తప్పకుండా కట్టినా, ఆ పుస్తకంలో ఆవిడకి ఒక పేజీ కూడా లేకుండా పోయింది. అంకెకి ఆవిడ మీద ఏ ద్వేషమూ లేదు. ఆవిడ ఉన్నట్టే దానికి తెలియదు.

మనం వచ్చాక

1990 వలస చట్టంతో హెచ్-1బి వీసా వచ్చింది. తర్వాత కంప్యూటర్ ఉద్యోగాలకి మన పిల్లలు వేల సంఖ్యలో వచ్చారు. వాళ్ళతో భార్యలు హెచ్-4 మీద వచ్చారు. హెచ్-4 వాళ్ళలో కొందరికి పనిచేసే అనుమతి దొరకడం మొదలైంది 2015 మే నెల నుంచే. అప్పటిదాకా ఎంత చదువుకున్నా ఇల్లే. ఉద్యోగం లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. ఆ నంబరు లేదు కాబట్టి ఏ కాగితంలోనూ పేరు లేదు. ఇండియాలో సిబిల్ సంస్థ 2000లో వచ్చింది, అక్కడ 300 నుంచి 900 వరకు స్కోరు ఇస్తారు. కానీ ఇండియాలో మంచి స్కోరు ఉన్నా ఇక్కడి ఫైల్లోకి దానంతట అది రాదు. ఈ మధ్య కొన్ని సంస్థలు అక్కడి రికార్డు చూస్తున్నాయి, అందరూ కాదు.

ఈలోగా ఇంకో రెండు సంగతులు జరిగాయి. 2007లో ఫైకో సంస్థ కొత్త లెక్క తెస్తూ, ఒకరి కార్డులో రెండోవారిగా చేరినవాళ్ళకి ఆ చరిత్ర లెక్కించబోమని చెప్పింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కార్డుల్లో డబ్బిచ్చి పేరు చేర్చుకునే మోసాలు పెరిగాయని వాళ్ళ బాధ. కానీ అలా చేస్తే మొగుడి కార్డులో పేరున్న భార్యలకి ఏముంటుంది? 1977 నాటి నిబంధన మాటేమిటి? 2008లో వాళ్ళే వెనక్కి తగ్గారు.

రెండోది 2009 నాటి కార్డుల చట్టం. కుర్రవాళ్ళకి ఇష్టం వచ్చినట్టు కార్డులు ఇవ్వకూడదని కూడా చెప్పిన చట్టం. దాని కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, కార్డు అడిగేవాళ్ళు తమ సొంత ఆదాయాన్నే చూపాలి. ఇల్లు చూసుకునే తల్లులు మళ్ళీ 1972కి వెళ్ళినట్టే. గృహిణులు అభ్యంతరం చెప్పారు, సంతకాలు సేకరించారు. 2013లో నిబంధన మార్చారు. ఇప్పుడు 21 ఏళ్ళు దాటినవాళ్ళు, తమకి వాడుకునే వీలున్న ఇంటి ఆదాయాన్ని, అంటే భర్త జీతాన్ని కూడా, దరఖాస్తులో చూపవచ్చు. మనలో చాలామందికి ఈ సంగతి తెలియదు. "నాకు జీతం లేదుగా, నాకెవరిస్తారు" అని ఊరుకుంటాం.

మరి ముఖ్యమా, కాదా?

వనభోజనాల్లో ఆ చెల్లి అడిగిన ప్రశ్నకి వస్తున్నాను.

స్కోరు మన మంచితనానికి మార్కు కాదు, మన ఆస్తికి కొలత కాదు. అప్పు తీసుకుని మాట ప్రకారం తీర్చామా అన్న ఒక్క సంగతే దానికి తెలుసు. 780 ఉన్నావిడ 720 ఉన్నావిడ కంటే గొప్పదేం కాదు. 850 కోసం నిద్ర మానుకోనక్కర్లేదు. స్కోరు కోసం వడ్డీ కట్టనక్కర్లేదు కూడా. కార్డు బాకీ కొంత ఉంచితే స్కోరు పెరుగుతుందని ఎవరో చెబుతూ ఉంటారు, అది నిజం కాదు. నెలనెలా మొత్తం కట్టేస్తే చాలు. అప్పు చేసి పప్పు కూడు వద్దని మన పెద్దవాళ్ళు చెప్పిన మాట ఇక్కడ కూడా నిజమే.

కానీ ఈ దేశంలో ఇల్లు అద్దెకివ్వడానికి, ఫోను ఇవ్వడానికి, చాలా రాష్ట్రాల్లో కారు ఇన్సూరెన్స్ ధర కట్టడానికి కూడా ఆ ఫైలు చూస్తారు. ఇంటి అప్పు సంగతి ఒక లెక్కగా చెబుతాను. నాలుగు లక్షల డాలర్లు ముప్పై ఏళ్ళకి ఆరున్నర శాతం వడ్డీకి తీసుకుంటే నెలకి సుమారు 2,528 డాలర్లు. అదే ఏడున్నర శాతమైతే 2,797. ఒక్క శాతం తేడాకి ముప్పై ఏళ్ళలో దాదాపు 97 వేల డాలర్లు. ఆ తేడా వచ్చే కారణాల్లో స్కోరు ఒకటి.

అయినా నా దృష్టిలో అసలు సంగతి అది కూడా కాదు. ఇంట్లో ఒకరికి మంచి స్కోరుంటే వడ్డీ తగ్గించుకునే దారి దొరుకుతుంది. కానీ ఆ ఒకరు లేని రోజు? పోవడమే కానక్కర్లేదు. విడిపోవచ్చు, జబ్బు చేయవచ్చు, వీసా చిక్కుతో ఇండియాలో ఇరుక్కుపోవచ్చు. ఆ రోజు కావాల్సింది 800 స్కోరు కాదు, మన పేరు మీద ఒక పద్దు. అది అవసరమైన రోజున పుట్టదు. ఫైకో స్కోరు రావాలంటే కనీసం ఆర్నెల్లు ఒక ఖాతా నడిచి ఉండాలి. కాబట్టి ముఖ్యమా అంటే, ముఖ్యమే. అంకె ఎంత అన్నదానికంటే పేరు ఎవరిది అన్నది ముఖ్యం.

మన ఊళ్ళలో డ్వాక్రా అక్కలకి ఇది ఎప్పుడో తెలుసు. 1992లో నాబార్డ్ స్వయం సహాయక సంఘాలని బ్యాంకులతో కలిపినప్పుడు, ఆ ఆడవాళ్ళ దగ్గర పొలం కాగితాలు లేవు. వారం వారం ఎంత దాచారు, ఒకరికొకరు ఎంత ఇచ్చుకున్నారు, ఎలా తీర్చుకున్నారు అన్న సంఘం పుస్తకమే వాళ్ళ పరపతి. దాన్ని చూసే బ్యాంకు అప్పిచ్చింది. అక్షరం రాని అక్కలు కూడా ఆ పుస్తకంలో తమ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలరు. ఎం.టెక్. చదివిన మనం, మన పేరు ఎక్కడుందో చూసుకున్నామా?

అందుకని ఈ వారంలోనే చేయదగ్గవి కొన్ని చెబుతాను. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటి నుంచీ మీ రిపోర్టు తెప్పించి చూడండి. డబ్బు కట్టక్కర్లేదు, వారానికొకసారి ఉచితం. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. ఫైలే లేకపోతే మొదట భర్త కార్డులో మీ పేరు చేర్పించుకోండి. కానీ అక్కడితో ఆగకండి, ఎందుకంటే కార్డు అసలు హక్కుదారు పోతే రెండోవారికి ఆ కార్డు వాడే హక్కు ఉండదు. మీ సొంత పేరు మీద ఒక కార్డు తీసుకోండి. ఎవరూ ఇవ్వకపోతే మనమే కొంత డిపాజిట్ పెట్టి తీసుకునే కార్డులు ఉన్నాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్ళకి, పన్నుల కోసం తీసుకునే ఐటిన్ నంబరుతో కార్డులిచ్చే బ్యాంకులూ కొన్ని ఉన్నాయి, అడగండి. ప్రతి నెలా కూరగాయలకి ఆ కార్డు వాడి, మొత్తం కట్టేయండి. అంతే.

ఇప్పటికే ఒంటరైన అక్కలకి ఇంకొక మాట. భర్త పేరు మీద ఉన్న ఖాతాని మీరే నడిపారని కాగితాలతో చూపించగలిగితే, మీరు అడిగినప్పుడు అప్పిచ్చేవాళ్ళు దాన్ని పరిగణించాలని ఆ 1974 చట్టం కింది నిబంధనల్లోనే ఉంది. వాళ్ళంతట వాళ్ళు చూడరు. మనం నోరు తెరిచి అడగాలి. కాదంటే ఎందుకు కాదన్నారో కారణం తెలుసుకునే హక్కు కూడా మనదే.

మా పెద్దక్క ఆ తర్వాత మూడు వందల డాలర్ల డిపాజిట్ పెట్టి ఒక చిన్న కార్డు తీసుకుంది. పోయిన సంక్రాంతికి వాళ్ళింటికి పేరంటానికి వెళ్తే, పసుపూ కుంకుమలు అయ్యాక లోపలికి తీసుకెళ్ళి ఒక కవరు చూపించింది. అపార్ట్‌మెంట్ లీజు మళ్ళీ రాసుకున్నారట. ఈసారి హామీ సంతకం అడగలేదు. కింద ఒక్క సంతకమే ఉంది, అక్కది. పక్కనే నిలబడ్డ కూతురు "ఇప్పుడు నాకు అవసరమైతే అమ్మ సంతకం పెడుతుంది" అని నవ్వింది.

ఆ చెల్లి కూడా అక్కడే ఉంది. ఫోను తీసి వాళ్ళాయనకి మెసేజ్ పెడుతోంది. ఏమని అడగలేదు నేను.